గోడవార నీలిమంట

పెనం మీద రొట్టె వేసే ముందు మరియమ్మ ప్రతిసారీ అరచెయ్యి చాపుతుంది. వేళ్ళు దగ్గరగా చేర్చి, పెనానికి జానెడు ఎత్తున కాసేపు నిలుపుతుంది. పెదవులు కదలవు. కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. చెయ్యి వెనక్కి తీసుకుందంటే పెనం కాగిందన్నట్టు. అప్పుడు పీట మీద తట్టిన జొన్నరొట్టె లేచి పెనం మీద పడుతుంది, దాని వీపు మీద తడిగుడ్డ ఒకసారి తిరుగుతుంది.

ఆరాంఘర్ చౌరస్తాకు కొంచెం ఇవతల ఇరవై రెండేళ్ళుగా ఆమె పొయ్యి అక్కడే ఉంది. కాటేదాన్ కార్ఖానాల్లో డ్యూటీ దిగినవాళ్ళూ, ఎయిర్‌పోర్టుకు కార్లు తోలేవాళ్ళూ సాయంత్రమయ్యేసరికి చుట్టూ నిలబడతారు. ఒకసారి ఒక డ్రైవరు వేళాకోళానికి అడిగాడు.

"ఏందక్కా, పెనానికి దీవెన పెడుతున్నవా?"

"నీకు గూడ పెడత. తల వంచు," అంది మరియమ్మ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ చెయ్యి పొయ్యి దగ్గరే ఆగేది కాదు. పాలగిన్నె మీద, స్నానానికి తోడిన నీళ్ళ మీద, ఎండలో నిలబెట్టిన బండి సీటు మీద అట్లాగే చాచేది. కూతురు సునీలకు ఒళ్ళు వెచ్చబడితే నుదుటి మీద కూడా జానెడు ఎత్తునే. నేను మనిషినా రొట్టెనా, ముట్టుకొని చూడరాదా అని ఆ పిల్ల కసురుకునేది. ముట్టుకొని చూసేది తెలియనివాళ్ళని మరియమ్మ జవాబు.

సునీల ఒక్కతే బిడ్డ. ఎయిర్‌పోర్టు దగ్గర సామాన్లు దించి ఎక్కించే గోదాములో, వచ్చిన పెట్టెలకు చీటీలు అంటించే పని చేసేది. ఇరవై ఏళ్ళు నిండాక వచ్చిన మొదటి సెప్టెంబరులో ఆ పిల్లకు డెంగీ జ్వరం పట్టుకుంది. బస్తీ దవాఖానలో నర్సమ్మ నెత్తురు పరీక్ష చేయించి, మాత్రలిచ్చి, మరియమ్మను పక్కకు పిలిచి చెప్పింది. "జొరం తగ్గినంక రెండు దినాలు పైలం అమ్మా. తగ్గింది గదా అని ఊకోవద్దు. కడుపు నొస్తున్నదన్నా, కాళ్ళు చేతులు సల్లబడ్డా ఎంబడే పెద్ద దవాఖానకు తీస్కపోవాలె."

మరియమ్మ తల ఊపింది. విన్నది, కానీ ఆ మాట లోపలికి దిగలేదు. ఇరవై రెండేళ్ళ పొయ్యి ఆమెకు నేర్పింది ఒక్కటే, వేడికి భయపడాలని. వేడి పోవడానికి భయపడమని ఎవరూ నేర్పలేదు.

ఐదోనాడు శనివారం. మధ్యాహ్నం దాటాక పిల్ల నుదుటి మీద చెయ్యి చాపితే ఏమీ తగల్లేదు. చల్లగా ఉంది. మరియమ్మ దేవునికి స్తోత్రం చెప్పింది. కడుపులో ఎట్లాగో ఉందని సునీల అంది. ఐదు రోజులు ఏమీ తినకపోతే అట్లాగే ఉంటుందని తల్లి అంది. పక్కన మజ్జిగ గ్లాసు పెట్టి, దుప్పటి కప్పి, ఆరాంఘర్‌కు వెళ్ళింది. శనివారం రొట్టెలు బాగా పోతాయి. తిరిగి వచ్చేసరికి పిల్ల కాళ్ళు చల్లగా ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఆదివారం తెల్లవారకముందే పెద్ద దవాఖానలో ప్రాణం పోయింది. నిన్న మధ్యాహ్నమే తేవలసిందని అక్కడి డాక్టరు అన్నాడు. మరియమ్మతోనే అన్నాడు. ఆ సమయానికి ఆమె భర్త ప్రేమయ్య, దూరపు ఊళ్ళో ఎవరికో సమాధి తవ్వడానికి వెళ్ళి, ఇంకా దారిలోనే ఉన్నాడు.

ప్రేమయ్యకు దవాఖానవాళ్ళు చెప్పింది, జ్వరంతో పోయిందని. అది నిజమే. నర్సు చెప్పిన మాట, డాక్టరు అన్న మాట మరియమ్మ దగ్గరే ఉండిపోయాయి.

ప్రేమయ్య చర్చి సంఘం వాళ్ళ సమాధుల తోటలో కాటికాపరి లాంటివాడు. కాదు, ఆ పేరు అతనికి నచ్చదు. "నేను కాసేది ఏముంది, వాళ్ళేమన్నా లేచిపోతరా?" అంటాడు. సమాధులు తవ్వుతాడు, గేటు తాళంచెవి అతని మొలతాడుకు ఉంటుంది. కూతురికి తనే తవ్వాడు. ఎవరు పార అందుకోబోయినా ఇవ్వలేదు. పడమటి గోడవార చోటు చూసుకున్నాడు, సాయంత్రం పూట అక్కడ గోడ నీడ పడుతుందని. ఆ గోడ అవతల మక్కజొన్నల నుంచి పిండి తీసే ఫ్యాక్టరీ. చుట్టుపక్కలవాళ్ళు గంజి ఫ్యాక్టరీ అంటారు.

గోడవార ఏదీ బతికేది కాదు. మరియమ్మ మల్లె అంటు మూడుసార్లు పెట్టింది. మూడుసార్లూ ఆకులు పసుపుబారి ఎండిపోయింది. గడ్డి కూడా ఆ వార అంతా ఎర్రగా మాడినట్టే ఉండేది. నేల మంచిది కాదనుకున్నారు.

ఆ తర్వాతి ఈస్టర్‌కు, ఎప్పటిలాగే, తెల్లవారుజామున సంఘమంతా సమాధుల దగ్గరికి వచ్చింది. ప్రతి ఇంటివాళ్ళూ తమవాళ్ళ తలాపున కొవ్వొత్తులు వెలిగించారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. జనం వెళ్ళిపోయారు. మరియమ్మ కూర్చునే ఉంది. సునీల తలాపున, సిమెంటు పలకకూ నేలకూ మధ్య ఒక పగులు ఉంది. ఆ పగులు పక్కనే కొవ్వొత్తి పెట్టింది. మైనం కరిగి, వత్తి ఒరిగి, ఆరిపోయింది. కొవ్వొత్తి ఆరింది కానీ మంట ఆరలేదు. పగులు మీద గోరంత ఎత్తున, నీలంగా, చప్పుడు లేకుండా నిలబడి ఉంది.

పొద్దెక్కాక కంటికి కనిపించకుండా పోయింది. మరియమ్మ చెయ్యి చాపింది. జానెడు ఎత్తున వెచ్చదనం తగిలింది.

మునిమాపు వేళ మళ్ళీ వచ్చి చూసింది. ఉంది. మర్నాడూ ఉంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అయ్యగారు విగ్రహారాధన అంటారు, జనం వచ్చి కొబ్బరికాయలు కొడతారు. రెండూ ఆమెకు ఇష్టం లేదు. అడుగు పగిలిన మట్టికుండ ఒకటి తెచ్చి బోర్లించింది, గాలి తగలకుండా. వానలకు ఆరిపోయేది. వాన వెలిశాక వెలిగించిన కొవ్వొత్తి వంచితే భుప్‌మని చిన్న చప్పుడుతో తిరిగి అంటుకునేది. ఒకనాడు పక్క సమాధి పగుళ్ళ దగ్గరా వెలిగించి చూసింది. అక్కడ ఏమీ అంటుకోలేదు. అదే ఆమెకు కావలసింది. ఇది నేలది కాదు, పిల్లది. చల్లబడి పోయిన బిడ్డ లోపలి నుంచి వెచ్చదనం పంపుతోంది. కోపం లేదని చెబుతోంది. అంతకంటే వేరే అర్థం ఆమెకు తోచలేదు, తోచనివ్వలేదు కూడా.

ఆ సంవత్సరమంతా ఆమె మామూలుగా బతికింది. రొట్టెలు చేసింది. అన్నం తింది. నిద్రపోయింది. అంతకుముందు ఏడు నెలలు నిద్రపోలేదు.

మళ్ళీ ఈస్టర్ ముందు నలభై శ్రమదినాలు మొదలైన రెండో వారంలో ఒక పొద్దున మృదుల అనే అమ్మాయి వచ్చింది. అప్పుడు మరియమ్మ సమాధుల తోట గేటు దగ్గర ఊడుస్తోంది. వచ్చిన అమ్మాయికి ముప్పై ఏళ్ళుండవచ్చు. భుజాన బ్యాగు, చేతిలో పలక లాంటి ఫోను. మాట కోస్తా జిల్లాల మాట, మర్యాదగా ఉంది. తను శంషాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తాననీ, ఉపగ్రహాలు తీసిన ఫొటోలు చదవడం తమ పని అనీ చెప్పి, పలక తిప్పి చూపించింది.

బూడిదరంగు నేల. మీద నుంచి చూస్తే ఇంత చిన్నదా అనిపించే గంజి ఫ్యాక్టరీ. గోడ ఒక గీత. ఆ గీత దగ్గర మొదలై, పసుపునీళ్ళు ఒలికినట్టు ఒక మరక పక్కకు సాగింది. మొదట్లో ఎర్రగా, పోనుపోను పలచగా. ఒక ఫొటోలో మరక హిమాయత్ సాగర్ వైపు పోయింది, ఇంకో దానిలో కాటేదాన్ వైపు. గాలి ఎటుంటే అటు. కానీ మొదలు మాత్రం ప్రతిసారీ ఒక్క చోటే ఉందని మృదుల అంది.

"ఆ ఫోటోల మనుషులు కనబడతరా బిడ్డా?"

"కనపడరమ్మా. అంత పైనుంచి మనుషులు చాలా చిన్నవాళ్ళు. ఈ సమాధులూ కనపడవు."

"మరి ఏం కనబడతది?"

మృదుల చెప్పింది. ఎండ నేల మీద పడి మళ్ళీ పైకి పోతుంది. మీథేన్ అనే గ్యాసు ఆ వెలుతురులో కొంత మింగేస్తుంది. ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు; ఫొటోలో రంగు తాము వేసిందే. ఉపగ్రహం చూసేది గ్యాసును కాదు, తక్కువపడిన వెలుతురును. ఎంత తక్కువపడిందో లెక్కగడితే కింద ఎంత గ్యాసు లేస్తోందో తెలుస్తుంది. ఆ గ్యాసు ఎండను పట్టి ఉంచుతుంది, లోకం వేడెక్కుతుంది. అందుకే ఏ ఫ్యాక్టరీ నుంచి, ఏ చెత్తగుట్ట నుంచి లేస్తోందో పైనుంచి కాపలా కాస్తున్నారు.

మరియమ్మకు బాగానే అర్థమైంది. రెండోసారి చెప్పించుకోలేదు.

చిక్కల్లా ఒక్కటే అని మృదుల అంది. పైనుంచి చూస్తే ఈ చుట్టుపక్కల అని తెలుస్తుంది గానీ, సరిగ్గా ఏ పగులు నుంచో తెలియదు. ఫ్యాక్టరీవాళ్ళు లోపలికి రానివ్వడం లేదు. తమ మురుగునీటి చెరువుకు మూత ఉందనీ, గ్యాసు అంతా కాల్చేస్తున్నామనీ అంటున్నారు. గోడ ఇవతల నేల మీద యంత్రం పెట్టి కొలిస్తే, వాళ్ళు కాదనలేరు. తర్వాత ఆ అమ్మాయి, చాలామందిని అడిగి అలవాటైన గొంతుతో, మూడు ప్రశ్నలు అడిగింది. ఇక్కడ మొక్కలు ఎండిపోతున్నాయా? వానాకాలం నీటిలో బుడగలు వస్తాయా? నేల మీద మంట లాంటిది ఎప్పుడైనా చూశారా?

మరియమ్మ చీపురు గోడకు ఆనించింది.

"లోపలికి రావొద్దు బిడ్డా. మాకు శ్రమదినాలు నడుస్తున్నయి. పండుగ దాక సచ్చినోళ్ళను మట్టి చేసెటందుకు తప్ప లోపల ఎవరూ కాలు పెట్టొద్దు. మా పద్ధతి గట్ల."

అట్లాంటి పద్ధతి ఏ సంఘంలోనూ లేదు. తనే ఆ క్షణంలో పుట్టించింది. ఇంకొకరి మతం కనుక మృదుల ఎదురు అడగలేదు. గేటు లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. "క్షమించండమ్మా, నాకు తెలియదు," అంది. కాగితం మీద నంబరు రాసి ఇచ్చి, తోట బయట మిగిలిన మూడు దిక్కులా గ్యాసు కొలిచే యంత్రం పట్టుకొని తిరిగింది. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. ఏమీ సరిగా తేలలేదు.

మరియమ్మ గోడవారకు వెళ్ళి కుండ పైకెత్తి చెయ్యి చాపింది. వెచ్చగా ఉంది. అబద్ధం ఆడినందుకు బాధ అనిపించలేదు. ఇప్పుడు అది గ్యాసని మాత్రం తెలిసిపోయింది. తెలియనట్టు ఉండడం ఇక నుంచి పని అవుతుంది.

రెండు వారాలకు ఫ్యాక్టరీవాళ్ళు జవాబు రాశారు. ఆ మరక తమది కాదు, మోరీ అవతల ఉన్న బర్రెల కొట్టాలది అని. కొట్టాలు రాములమ్మవి. ముప్పై బర్రెలు, ఒక నోరు. ఆ సాయంత్రం ఆరాంఘర్‌లో రొట్టెల దగ్గర నిలబడి ఆమె రోడ్డంతటికీ వినిపించింది.

"బర్రెలు తేన్పులు తీస్తే ఆకాశంల ఫోటో పడుతున్నదంట మరియమ్మా! ఇగ రేపటి నుంచి వాటి మూతికి గుడ్డ కట్టాల్నా? కొట్టాలు తీసెయ్యమని సార్లు వచ్చి చెప్పిపోయిన్రు. నా మొగడు గింత సప్పుడు జేస్తడు, వానికి ఫోటో తియ్యరు."

నిలబడ్డవాళ్ళు పొట్ట పట్టుకొని నవ్వారు. రాములమ్మ కూడా నవ్వి, నవ్వు ఆగాక అక్కడే అరుగు మీద కూర్చుంది. ఎక్కడికి తోలుకొని పోవాలి వీటిని, అంది మెల్లగా. మరియమ్మ ఆమె చేతిలో రెండు రొట్టెలు పెట్టింది. ఆ రోజు ఒక రొట్టె మాడింది.

అయినా చెప్పలేదు. రాములమ్మకు బర్రెలున్నాయి, మొగుడున్నాడు, నోరుంది. తనకు ఉన్నది గోరంత మంట. ఇట్లా తనకు తను చెప్పుకుంది. అది చెడ్డ మాట అని తెలిసీ చెప్పుకుంది.

ఈస్టర్ ఇంకా పన్నెండు రోజులుందనగా సంఘంలో ఒక ముసలాయన పోయాడు. ప్రేమయ్య పొద్దున్నే తవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఇంటివాళ్ళు కోరిన చోటు గోడ వైపే, సునీలకు మూడు సమాధుల ఇవతల. రొమ్ములోతు తవ్వాక కాస్త అలుపు తీర్చుకుందామని గుంతలోనే కూర్చొని బీడీ అంటించాడు. గుంతంతా ఒక్కసారి వెలిగింది. అతను పైకి ఎట్లా ఎక్కాడో అతనికే తెలియదు. కనుబొమ్మలు పోయాయి, మీసం ఒక పక్క పోయింది, ముంజేతుల వెంట్రుకలు కాలి చర్మం ఎర్రబడింది. ఇంటికి వచ్చి నవ్వుతూనే చెప్పాడు.

"నరకం తలుపు తట్టినట్టున్న. ఎవడో తెరిసి, నీ వంతు ఇంక రాలేదు పో అన్నడు."

చుట్టూ చేరినవాళ్ళు లైటరులో గ్యాసు ఎక్కువైందని తేల్చారు. ఒక్క మరియమ్మకు మాత్రం కారణం తెలుసు. అతని ముంజేతి మీద జానెడు ఎత్తున చెయ్యి చాపింది. కాలిన చర్మం ఇంకా వేడి వదులుతోంది. సునీలకు మూడు సమాధుల ఇవతల. అంటే మంట నేలంతటా ఉంది. ఆ నేలలో ఎవరిని పడుకోబెట్టినా, గీరితే వెలుగుతుంది.

ఇంకో పన్నెండు రోజులకు తెల్లవారుజామున సంఘమంతా ఆ గోడవార కూర్చుంటుంది. పిల్లలు పలకల మీదికి వంగి కొవ్వొత్తులు నిలబెడతారు. పట్టుగౌన్లు వేసుకొని.

రెండు రోజులు ఆలోచించింది అనడం సరికాదు. ఆలోచన మొదటి క్షణంలోనే అయిపోయింది. రెండు రోజులు ఆ మంట దగ్గర కూర్చుంది. మూడోనాడు పొద్దున నంబరున్న కాగితం తీసి ఫోను చేసింది. శ్రమదినాలు కదమ్మా, పండుగ కాలేదు కదా అని అవతల మృదుల సందేహంగా అడిగింది. పద్ధతి గిద్ధతి ఏమీ లేదు, నేను అబద్ధం చెప్పిన, నువ్వు రా, అంది మరియమ్మ.

మృదుల వచ్చేసరికి పది దాటింది. ఎండ గట్టిగా ఉంది. మరియమ్మ గేటు తీసి, ముందు నడిచి, గోడవారకు తీసుకుపోయింది. కూర్చొని కుండ పక్కకు పెట్టింది. మృదుల వంగి చూసింది. పగులు తప్ప ఆమెకు ఏమీ కనిపించలేదు. ఎక్కడమ్మా, అంది. మరియమ్మ ఆ అమ్మాయి మణికట్టు పట్టుకొని, వేళ్ళు దగ్గరగా చేర్చి, అరచేతిని పగులు మీద జానెడు ఎత్తున నిలిపింది.

మృదుల చెయ్యి లాక్కోలేదు. కాసేపటికి సమాధి పలక మీద చెక్కిన పేరు చదివింది. పుట్టిన తేదీ, పోయిన తేదీ చదివింది. కుండ వైపు చూసింది, కరిగి గడ్డకట్టిన మైనం వైపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన ఈస్టర్ నుంచి."

"మీ అమ్మాయా?"

మరియమ్మ తల ఊపింది.

మృదుల ఫోను పక్కన పెట్టి కింద కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గోడ అవతల పాత క్వారీ గుంత ఉండేదనీ, ఏళ్ళ తరబడి దాంట్లో ఫ్యాక్టరీ మక్కల తడి వ్యర్థం పోసి మట్టి కప్పినట్టు పాత ఫొటోల్లో తెలుస్తోందనీ, అది లోపల కుళ్ళి పుట్టిన గ్యాసు నేల కిందుగా ఇటు వస్తోందనీ. గోడకు అన్నిటికంటే దగ్గరున్న సమాధి ఇదేననీ. అందుకే ఇక్కడ.

"గంతేనా?" అంది మరియమ్మ.

"అంతేనమ్మా."

తర్వాత మృదుల అడగలేక అడిగింది. కొలవాలంటే మంట ఉండకూడదు. ఉంటే గ్యాసు కాలిపోతుంది, లెక్క రాదు. తను ఆర్పనా అని.

"నేనే," అంది మరియమ్మ.

కుళాయి దగ్గరికి వెళ్ళి మట్టి తడిపి తెచ్చింది. రొట్టెపిండి ముద్ద చేసినట్టు రెండు చేతులా ముద్ద చేసింది. పగులు మీద పెట్టి బొటనవేలితో అంచులు అదిమింది. చప్పుడేమీ కాలేదు. చల్లటి మట్టి మీద చేతులు అట్లాగే ఉంచి కూర్చుంది. మంట ఉన్నదో పోయిందో ఎండలో తెలియదు. చాలాసేపటి తర్వాత మృదుల ఆమె భుజం తట్టి, ముద్ద పక్కకు తీసి, యంత్రం ముక్కు పగులు దగ్గర పెట్టింది. అది ఆగకుండా కూసింది. మృదుల అంకె చూసి రాసుకుంది. మూడు సమాధుల అవతల పెట్టింది, అక్కడా కూసింది. గోడ పొడుగునా కూసింది. ఒక్కొక్క చోట సున్నపు ముగ్గుతో గుర్తు పెట్టింది. మొత్తం పద్నాలుగు గుర్తులు. వాటిలో సునీల ఒకటి.

ఆ తర్వాతివి తొందరగా జరిగాయి. సాయంత్రానికి అధికారులు వచ్చారు. ఈ అంకెలూ ఫొటోలూ పక్కపక్కన పెట్టాక ఫ్యాక్టరీవాళ్ళు గేటు తెరవక తప్పలేదు. గోడ అవతల గొట్టాలు దించి గ్యాసు బయటికి లాగుతామన్నారు. అంతవరకూ సమాధుల తోటలో అగ్గిపుల్ల గీయకూడదన్నారు. ఈస్టర్ ఆరాధన చర్చి ముందు మైదానంలోనే, కొవ్వొత్తులు లేకుండా, అని అయ్యగారు ప్రకటించారు. రాములమ్మ బర్రెల మీద మాట పోయింది. ఆమె మరియమ్మ ఇంటికి చెంబెడు పాలు పంపి, నా బర్రెలు నీకు మొక్కుతున్నయి అని చెప్పించింది.

ప్రేమయ్యకు ఈ సంగతి ఊళ్ళోవాళ్ళు చెప్పారు. చీకటి పడే వేళ ఇంటికి వచ్చాడు. కనుబొమ్మలు లేని ముఖం కొత్తవాడి ముఖంలా ఉంది. గడపలో కూర్చున్నాడు. మరియమ్మ అన్నం పెట్టింది. కలుపుతూ ఆగాడు.

"నేను గూడ చెయ్యి పెట్టి సూసిన."

ఆమె అతని వైపు తిరిగింది.

"కుండ ఎందుకు బోర్లేసినవని వానాకాలంల ఒకనాడు ఎత్తి సూసిన. ఆనాటి నుంచి పొద్దుగాల గేటు తియ్యంగనే మొదలు గాడికే పోయేది. నువ్వు పొద్దుమీకి, నేను పొద్దుగాల."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పలే గద. నీకు పిల్ల ఏమన్న చెప్పుకుంటున్నదేమో, నడుమ నేనెందుకు అనుకున్న."

ప్రేమయ్య అన్నం తిన్నాడు. ఒక విమానం ఇంటి మీదుగా దిగింది, గిన్నెలు సన్నగా కదిలాయి. అతను చెయ్యి కడుక్కొని, నీకు ఏం చెప్పింది అని అడిగాడు. ఆమె ఎంగిలి కంచం తీసింది. కోపం లేదని చెప్పింది, అనాలి. అంటే, కోపం ఎందుకు అని అతను అడుగుతాడు. ఏడాదిగా ఆ ప్రశ్న రాకుండా కాపాడింది ఆ మంటే. అది ఉన్నన్నాళ్ళు ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేదు, చెప్పవలసినవాళ్ళకు చెప్పడం అయిపోయింది అనుకుంది. పిల్ల విన్నది, సరే అన్నది. ఇప్పుడు పిల్ల ఏమీ అనలేదని తేలింది. ఎప్పుడూ ఏమీ అనలేదు. పాడైన మక్కపిండి అన్నది. అంతే.

మర్నాడు పొద్దున మరియమ్మ పొయ్యి వెలిగించలేదు. ప్రేమయ్య గేటుకు పోవడానికి చొక్కా తొడుక్కుంటుంటే, కాసేపు కూసో అంది. అతను మంచం అంచున కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కింద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బుధవారం నాడు నర్సమ్మ పక్కకు పిలిచిన దగ్గర మొదలుపెట్టి శనివారం మజ్జిగ గ్లాసు దాకా, అక్కణ్ణుంచి ఆదివారం డాక్టరు అన్న మాట దాకా, వరుసగా, ఏదీ దాటేయకుండా చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే అతను చెప్పనివ్వడు.

"జొరం తగ్గినంక పైలమని చెప్పిన్రు," అంది. "కడుపుల ఎట్లనో ఉన్నదని పిల్ల గూడ చెప్పింది. నేను రొట్టెలకు పోయిన."